ఎర్రమొహం మగది, పసుపుమొహం ఆడది అన్నాడట!

సంక్రాంతి వెళ్లిన వారానికి తెనాలి నుంచి మా చెల్లెలు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. చిన్న పంజరం, అందులో రెండు పసుపు పిట్టలు. కింద మెసేజ్: "అన్నయ్యా, బాబు గోల పెడుతుంటే లవ్ బర్డ్స్ జత కొన్నాం. ఎర్రమొహంది మగదట, ఉత్త పసుపుది ఆడదట. తెచ్చి నాలుగు రోజులు కాలేదు, మగది ఆడదాని కాలివేలు కొరికి రక్తం కళ్లజూసింది. ఎందుకలా?"

ఫొటో పెద్దది చేసి చూశాక నవ్వాలో తిట్టాలో తెలియలేదు. అది జత కాదు. అసలు రెండూ ఒక జాతే కాదు. ఒకటి ఆఫ్రికా పిట్ట, రెండోది ఆస్ట్రేలియా పిట్ట. రంగు కలిసింది కదా అని అమ్మేవాడు ముడిపెట్టేశాడు. "ముందు రెండింటినీ విడదీయి, మిగతాది తర్వాత చెప్తా" అన్నాను. ఆ "మిగతాది" ఫోన్లో చెప్పేసరికి గంట పట్టింది. ఆ గంటసేపటి ముచ్చటే ఇది, ఇంకాస్త వివరంగా.

అసలు చిక్కు పేరు దగ్గరే మొదలవుతుంది. పుట్టినరోజుకీ పెళ్లిరోజుకీ కానుకగా ఇచ్చుకునే, పచ్చ, నీలం, పసుపు, తెలుపు రంగుల్లో కిచకిచలాడే చిన్న చిలకల్ని మనం లవ్ బర్డ్స్ అంటాం. వాటిలో చాలావరకు బడ్జీలు, అంటే బడ్జెరిగార్లు. ఆస్ట్రేలియా నడిమధ్య ఎండు మైదానాల్లో గుంపులు గుంపులుగా తిరిగే పిట్టలివి. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చాడు. అక్కణ్ణుంచి లోకమంతటి పంజరాల్లోకీ పాకిపోయాయి. అసలైన లవ్ బర్డ్స్ వేరే ఉన్నాయి. మొత్తం తొమ్మిది జాతులు. ఎనిమిది ఆఫ్రికా ఖండంలో, ఒకటి మడగాస్కర్ దీవిలో. మన దుకాణాల వాళ్లకూ ఈ తేడా తెలుసు. అందుకే వీటిని "ఆఫ్రికన్ లవ్ బర్డ్స్" అని విడిగా పిలుస్తారు, ధర కూడా బడ్జీల కంటే ఎక్కువే చెప్తారు. "ఆఫ్రికన్" అనే మాట మన చెవిన పడనంతవరకే గందరగోళం.

ఈ రెండింటినీ గుర్తుపట్టడానికి రంగుతో పనే లేదు, గోడ మీద నీడ చాలు. బడ్జీ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ముక్కు దగ్గర నుంచి తోక చివరి దాకా సుమారు 18 సెంటీమీటర్లుంటే, దాదాపు సగం తోకే. ఆఫ్రికన్ లవ్ బర్డ్ బొద్దుగా, మెడ లేనట్టు ఉంటుంది. తోక ఎవరో కత్తిరించినట్టు పొట్టిగా, మొద్దుగా ముగుస్తుంది. ముక్కు కూడా అంతే. బడ్జీ ముక్కు చిన్నది, సగం ఈకల్లో దాక్కుని ఉంటుంది. లవ్ బర్డ్‌ది పెద్ద కొక్కెం. ఆ కొక్కెంతోనే మా మేనల్లుడి బడ్జీ కాలివేలు పోయేంత పనైంది. లవ్ బర్డ్స్‌కు ప్రేమంతా తన జంట మీదే. పక్క జాతి పిట్ట కనిపిస్తే మొదట దాని కాలివేళ్లే కొరుకుతాయి. బడ్జీలతో కలిపి ఒకే పంజరంలో పెట్టకూడదని అనేది ఇందుకే.

మరి రంగు ఎందుకింత మోసం చేస్తుంది? అడవిలో ఉన్న బడ్జీ పచ్చగానే ఉంటుంది. మెడ, రెక్కల మీద నల్ల చారలు, పసుపు మొహం. అయితే దాని ఈకలో పచ్చరంగు అనేది విడిగా ఎక్కడా లేదు. ఈకలో ఒక పసుపు రంగు ఉంటుంది. ఈక లోపలి నిర్మాణం వెలుతురును నీలంగా చెదరగొడుతుంది. వెనక మెలనిన్ నలుపు ఉంటుంది కాబట్టి ఆ నీలం తేటగా కనబడుతుంది. నీలం మీద పసుపు పడితే మన కంటికి ఆకుపచ్చ. ఇప్పుడు ఆ పసుపు తయారవడం ఆగిపోయిందనుకోండి, నీలం పిట్ట పుడుతుంది. మెలనిన్ ఆగిపోతే పసుపు పిట్ట. రెండూ ఆగిపోతే తెల్ల పిట్ట. బడ్జీల్లో పసుపు తయారుచేసే జన్యువు ఏదో 2017లో తేల్చారు. అందులో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, పచ్చ పిట్టకు బదులు నీలం పిట్ట.

మెలనిన్ ఆగిపోయే ఈ ఆట లవ్ బర్డ్స్‌లోనూ, తలమీద తురాయి ఉండే కాక్‌టెయిల్ (కాకటీల్) చిలుకల్లోనూ, మన రామచిలుకల్లోనూ నడుస్తుంది. అందుకే ప్రతి జాతిలోనూ పసుపు పిట్టలున్నాయి. పెంపకందార్లు వీటిని లుటినో అంటారు. బజార్లో కనిపించే రంగు ఆ పిట్ట జాతిని చెప్పదు. పెంచినవాడు ఏ పిట్టను ఏ పిట్టతో కలిపాడో చెబుతుంది, అంతే. చెల్లెలి పంజరంలో ఉన్నవి ఒక లుటినో బడ్జీ, ఒక లుటినో లవ్ బర్డ్. లవ్ బర్డ్‌లో మెలనిన్ పోయినా మొహం మీది ఎరుపు మిగిలింది. దాన్ని చూపించి "మగది" అని అంటగట్టారు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆఫ్రికన్ లవ్ బర్డ్ అని తేలాక, అందులో ఏది అనే ప్రశ్న వస్తుంది. నిజమైన చిక్కుముడి ఇదే. మన దగ్గర ఎక్కువగా దొరికేవి మూడు. నమీబియా, అంగోలా వైపు ఎండు నేలల నుంచి వచ్చిన పీచ్ ఫేస్. టాంజానియా నుంచి వచ్చిన ఫిషర్. ఆ పక్కనుంచే వచ్చిన మాస్క్, దీనికి తల నల్లగా ఉంటుంది. మామూలు రంగుల్లో ఉంటే చిన్నపిల్లలైనా విడదీస్తారు. పీచ్ ఫేస్‌కు గులాబీ మొహం, ఎముక రంగు ముక్కు, తోక మొదట్లో మెరిసే నీలం. ఫిషర్‌కు నారింజ మొహం, పగడంలా ఎర్రటి ముక్కు. లుటినోలో, నీలం రంగుల్లో ఈ గుర్తులు ఒక్కొక్కటే రాలిపోతాయి. నీలం ఫిషర్‌కు ఎర్రముక్కు ఉండదు, పాలిపోయిన గులాబీగా మారుతుంది. లుటినోలో తోక మొదటి నీలం తెల్లబడుతుంది.

చివరిదాకా నిలబడే గుర్తు ఒక్కటే, కంటి చుట్టూ ఉండే వలయం. ఫిషర్, మాస్క్, ఇంకో రెండు జాతులకు కంటి చుట్టూ ఈకల్లేని తెల్లటి చర్మం మందంగా, సున్నం పూసిన గాజులా కనబడుతుంది. పీచ్ ఫేస్‌కు అది ఉండదు, కన్ను అంచు దాకా ఈకలే. పిట్ట ఏ రంగులో పుట్టినా ఈ వలయం చెరిగిపోదు. "కంటి దగ్గర ఫోకస్ పెట్టి ఇంకో ఫొటో తియ్యి" అన్నాను. పది ఫొటోలు మసగ్గా వచ్చాక పదకొండోదానిలో కనిపించింది తెల్లటి గాజు. ముక్కు ఎర్రగానే ఉంది. అంటే లుటినో ఫిషర్.

ఫొటో కుదరనివాళ్లకు ఇంకో ఉపాయం ఉంది. నాకైతే అన్నిటికంటే ఇదే ఇష్టం. పంజరంలో ఒక పాత న్యూస్‌పేపర్ కాగితం పడేసి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆడ పీచ్ ఫేస్ కాగితం అంచున ముక్కుతో వరసగా చిల్లులు పొడుచుకుంటూ పోతుంది, కుట్టుమిషన్ నడిచినట్టే. వేలెడు పొడవున్న పేలిక తెగగానే తల వెనక్కి తిప్పి, దాన్ని నడుము కింది ఈకల్లో దోపుకుంటుంది. ఇంకొకటి చించుతుంది, అదీ దోపుకుంటుంది. అలా అయిదారు పేలికలు వెనక వేలాడుతుండగా గూటిలోకి ఎగురుతుంది. సగం దారిలో రాలిపోతాయి, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, మళ్లీ మొదలుపెడుతుంది. ఫిషర్‌కు ఈ దోపుకోవడం తెలియదు. ఒక్కో పేలికనూ ముక్కున కరుచుకుని మోస్తుంది.

ఈ రెండింటినీ జతకడితే పుట్టే పిల్లలు ఏం చేస్తాయి? కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం డిల్గర్ అచ్చంగా ఇదే చూశాడు, 1962లో రాశాడు. ఆ సంకర పిల్లలు కాగితం చక్కగా చించేవి, తల వెనక్కి తిప్పి దోపబోయేవి. కానీ దోపిన పేలికను వదలడం తెలిసేది కాదు, లేదా తప్పుచోట దోపేవి. పేలిక జారి పడిపోయేది. కొన్నేళ్లు పాట్లు పడ్డాక ముక్కుతో మోయడం నేర్చుకున్నాయి. అప్పుడు కూడా ఎగరబోయే ముందు ఒకసారి తల వెనక్కి తిప్పే అలవాటు మాత్రం మిగిలిపోయింది. తల్లి వైపు చెయ్యి ఒకటి, తండ్రి వైపు చెయ్యి ఒకటి లాగుతుంటే మధ్యలో నలిగిన పిట్టలు పాపం.

ఆ పిల్లలకు సాధారణంగా సంతానం కలగదు కాబట్టి ఆ కథ అక్కడితో ముగుస్తుంది. ఫిషర్‌నూ మాస్క్‌నూ కలిపితే మాత్రం ముగియదు. కంటి వలయం ఉన్న జాతులు తమలో తాము కలిసి పిల్లల్ని కంటాయి, ఆ పిల్లలూ కంటాయి. కెన్యాలో నైవాషా సరస్సు చుట్టుపక్కల, పంజరాల నుంచి బయటపడిన ఈ రెండింటి సంకరం అడవి పిట్టల్లాగే బతుకుతోంది. మన బజార్లోనూ తల గోధుమరంగా, నలుపా అని తేలని వలయం పిట్టలు కనబడతాయి. అలాంటిదాన్ని పట్టుకుని ఇది ఫిషరా, మాస్కా అని నన్నడిగితే నా జవాబు, రెండూ కాదు. ఏదో ఒక పేరు పెట్టి తీరాలని పట్టుబట్టే మిత్రులతో వాదించడం మానేశాను.

ఇక ఆడా, మగా. బడ్జీల్లో ఇది తేలిక అంటారు, చాలావరకు నిజమే. ముక్కు మొదట్లో, రంధ్రాలున్న చోట, మెత్తటి బుడిపె ఒకటి ఉంటుంది. ఎదిగిన మగదానికి అది ముదురు నీలం. ఆడదానికి గోధుమరంగు, గుడ్లు పెట్టే రోజుల్లో పెచ్చులు కట్టినట్టు గరుగ్గా ఉంటుంది. మామూలు రోజుల్లో ఆడదానికి లేత నీలంగా కూడా ఉండొచ్చు, అయితే రంధ్రాల చుట్టూ తెల్లటి వలయాలు కనబడతాయి. ఇక్కడే కొత్తవాళ్లు బోర్లాపడతారు.

ఇంకో పెద్ద మినహాయింపు ఉంది. లుటినో, తెల్ల ఆల్బినో, ఒక రకం పైడ్ (మచ్చల) బడ్జీల్లో మగదాని బుడిపె ఎప్పటికీ నీలం అవదు. చిన్నప్పటి గులాబీ ఊదా రంగే జీవితాంతం ఉండిపోతుంది. నీలం కనబడలేదు కాబట్టి ఆడది అని అమ్మేస్తారు. చెల్లెలి పసుపు బడ్జీ ముక్కు ఫొటో చూస్తే నున్నగా, ఒకే తీరున గులాబీ ఊదా, ఎక్కడా తెల్ల వలయం లేదు. "ఇది మగది" అన్నాను. "వాడు ఆడదన్నాడుగా!" అంది. వాడు ఆ రెండూ ఒకే జాతన్నాడు కూడా.

వయసు సంగతి రెండు మాటల్లో చెప్పొచ్చు. పిల్ల బడ్జీకి నుదుటి మీద సన్నటి చారలు ముక్కు దాకా దిగి ఉంటాయి. మూడు నాలుగు నెలలకు మొదటిసారి ఈకలు రాలి కొత్తవి వచ్చాక నుదురు తేటపడుతుంది. లుటినోలో చారలే కనబడవు కాబట్టి కన్ను చూడాలి. పిల్లప్పుడు కన్నంతా ఒకే రంగు, పెద్దయ్యాక కంటిపాప చుట్టూ తెల్లటి గీత వస్తుంది. "రెడీ పెయిర్, రేపే గుడ్లు పెడతాయి" అని నుదుటి చారలున్న పిల్లల్ని అంటగట్టడం మామూలే.

ఆఫ్రికన్ లవ్ బర్డ్స్‌లో పీచ్ ఫేస్, ఫిషర్, మాస్క్ మూడింటికీ పైకి ఆడ మగ తేడా ఏమీ లేదు. అనుభవజ్ఞులు కటి ఎముకల మధ్య వేలుపెట్టి ఎడం చూస్తారు. ఎడంగా ఉంటే ఆడది అంటారు. నేనూ చూశాను, సగంసార్లు తప్పాను. ఖాయంగా తెలియాలంటే డీఎన్ఏ పరీక్షే దారి. రాలిన ఈక పనికిరాదు, రొమ్ము దగ్గర అప్పుడే పీకిన నాలుగు చిన్న ఈకలు పంపాలి. ఒకదానికొకటి మేత తినిపించుకుంటున్నాయి కదా, జతేగా అంటారు. రెండు ఆడవీ అలా చేస్తాయి, రెండు మగవీ చేస్తాయి. గూటిలో ఎనిమిది, తొమ్మిది గుడ్లు కనబడి, ఇరవై మూడు రోజులు దాటినా ఒక్కటీ పగలకపోతే రెండూ ఆడవేమోనని అనుమానించాలి. ఒక్క ఆడది మామూలుగా నాలుగు నుంచి ఆరు గుడ్ల దగ్గర ఆగిపోతుంది.

కాక్‌టెయిల్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బూడిదరంగువాటిలో ఎదిగిన మగదాని మొహం నిండు పసుపు, ఆడదాని తోక అడుగున అడ్డచారలు. లుటినో అయితే తోకను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి, ఆడదైతే లేత పసుపు చారలు లీలగా కనబడతాయి. తలమీద తురాయి చూసి దీన్నే కాకటూ అని పదింతల ధర చెప్పినవాణ్ని ఒకసారి చూశాను. రెండూ ఒకే కుటుంబం మాట నిజమే. కానీ కాకటూ అంటే కోడిపెట్టంత పిట్ట, కాక్‌టెయిల్ పావురం కన్నా సన్నం.

ఇప్పటిదాకా చెప్పింది జేబుకు సంబంధించిన తికమక. రామచిలుకల దగ్గరికొస్తే అది చట్టం దాకా పోతుంది. మా ఎదురింటి పెద్దాయన ఒక సాయంత్రం అట్టపెట్టెలో చిలకపిల్లను తెచ్చి చూపించారు. "పహాడీ అండీ, పెద్దదవుతుంది, మాటలు బాగా నేరుస్తుందట" అన్నారు. పహాడీ అంటే హైదరాబాద్ బజారు భాషలో అలెగ్జాండ్రిన్ చిలుక. మన రామచిలుక సుమారు 40 సెంటీమీటర్లుంటే ఇది 55 దాటుతుంది. ముక్కు బండగా ఉంటుంది, రెక్క మొదట్లో భుజం మీద ఎర్రటి మచ్చ ఉంటుంది. ఆ పిల్లకు మచ్చ ఉంది, మరీ నిండుగా ఉంది. తడి దూదితో మెల్లగా అద్దాను. దూది ఎర్రబడింది, కింద పచ్చటి ఈక బయటపడింది. ఆయన దూదినీ పిల్లనీ మార్చి మార్చి చూశారు. అది మామూలు రామచిలుక పిల్ల. మునియాలనే చిన్న పిట్టలకు కూడా ఇలాగే రకరకాల రంగులు వేసి "ఫారిన్ ఫించెస్" అని అమ్ముతుంటారు. అవి నీళ్లలో మునిగి లేస్తే రంగు వెలిసిపోతుంది.

"పోనీండి, రామచిలుకైనా పెంచుకుంటాం" అన్నారు పెద్దాయన. అదే కుదరదు. రామచిలుకైనా, పహాడీ అయినా, మగదానికి రేగుపండు రంగు తల, ఆడదానికి బూడిదరంగు తల ఉండే చిన్న చిలుకైనా, మునియాలైనా, మన అడవి పిట్టల్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జైలు దాకా పోయే వ్యవహారం. 2018లో రామచిలుకను రాష్ట్రపక్షిగా ప్రకటించిన ఆంధ్రప్రదేశ్‌లోనే చిలక జోస్యం పంజరాలు రోడ్డు పక్కన కనిపిస్తుంటాయి, అది వేరే సంగతి. నీలం రింగ్‌నెక్, పసుపు రింగ్‌నెక్ అని విదేశీ పేరుతో అమ్మేవి కూడా రామచిలుకలే. రంగు మారినంత మాత్రాన జాతి మారదు. పక్కింట్లో ఉన్నది చూసి మనమూ కొనుక్కుంటే ఆ టెన్షన్ మనదే. పెద్దాయన రెండు రోజులు ఊగిసలాడి, చివరికి అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేసి అప్పగించారు.

విదేశీ పిట్టలకు అసలు చట్టమే లేదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అడవి జీవాల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో చిలుక జాతులన్నీ చేరి ఉన్నాయి, నాలుగు తప్ప. ఆ నాలుగూ బడ్జీ, కాక్‌టెయిల్, పీచ్ ఫేస్ లవ్ బర్డ్, రామచిలుక. పీచ్ ఫేస్‌ను 2005లో ఆ ఒప్పందపు రెండో అనుబంధం (జాబితా) నుంచి తీసేశారు, ఫిషర్ అందులోనే ఉంది. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించినప్పుడు సైటీస్ జాబితాను నాలుగో షెడ్యూలుగా చేర్చారు. ఆ షెడ్యూలు జీవాల్ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలని 2024లో నిబంధనలు వచ్చాయి. రామచిలుక సైటీస్ జాబితాలో లేదు కదా అని సంబరపడొద్దు, దానికి మన చట్టమే అడ్డం. మొత్తానికి పక్కపక్క పంజరాల్లో రెండు పసుపు లవ్ బర్డ్స్ ఉంటే, కంటి వలయం లేనిదానికి నమోదు అక్కర్లేదు, ఉన్నదానికి కావాలి. కాగితాల పని చెయ్యాలో లేదో కంటి చుట్టూ ఉన్న రెండు మిల్లీమీటర్ల చర్మం తేలుస్తుందన్నమాట.

ఇదంతా విన్నాక మా చెల్లెలు "చిన్న పిట్టకు ఇంత రామాయణమా!" అని విసుక్కుంది. అయినా మర్నాడే రెండో పంజరం కొంది, పోర్టల్‌లో ఫిషర్ వివరాలు నింపడానికి బావగారిని కూర్చోబెట్టింది. బడ్జీ కాలివేలు మానింది. దానికి తోడుగా గోధుమరంగు బుడిపె ఉన్న పచ్చపిట్టను తెచ్చారు. పొద్దున్నే కొర్రలు తింటూ పసుపుది దాని చెవిలో అదేపనిగా గొణుగుతోందట.

ఉగాది ముందు రోజు ఇంకో ఫొటో వచ్చింది. రెండో పంజరంలో చించిన కాగితం పేలికల కుప్ప, దాని మధ్య గోలీకాయంత తెల్లటి గుడ్డు, పక్కనే గుర్రుగా చూస్తున్న ఎర్రమొహం "మగది".